బండిది కాని అంకె

రైలు గేటు పడితే జనం హారన్లు కొడతారు, సెల్‌ఫోన్లు తీస్తారు, గేటు వేసినవాణ్ణి తిడతారు. నేను కడ్డీ దగ్గరికి పోయి నిలబడతాను. గూడ్సు బండి వస్తే వ్యాగన్ల మీద తెల్లరంగుతో రాసిన నంబర్లు చదువుతాను. అన్నీ అందవు. అందినవాటిల్లో ఒకదాన్ని పట్టుకుని, నోట్లోనే లెక్క కట్టి, చివరి అంకె సరిపోయిందో లేదో చూస్తాను. సరిపోతుంది. ఇన్నేళ్ళలో సరిపోనిది ఒక్కటీ దొరకలేదు. అయినా చూస్తాను. పక్కనున్నవాళ్ళు నన్ను పిచ్చివాడనుకుంటారు. అనుకోనివ్వండి. చూడకుండా నమ్మేవాడి పిచ్చి ముందు నాదెంత?

నేను గూడ్సు షెడ్డులో హమాలీగా బతికినవాణ్ణి. గుంటూరు దాటి ఒంగోలు పోయే దారిలో మాదో స్టేషను. ఒకప్పుడు మా షెడ్డు నుంచి ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన పత్తి బేళ్ళూ, పొగాకు బేళ్ళూ, మిరప టిక్కీలూ పోయేవి. మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తాని మా వైపు టిక్కీ అంటారు. అది భుజానికెత్తితే రెండు రోజులు ముక్కు మనది కాదు. ఆ తర్వాత లారీలు ఎక్కువై మిరప రోడ్డెక్కింది. మాకు పై నుంచి వచ్చే యూరియా, సిమెంటు దించే పని మిగిలింది.

ఆ పాతరోజుల్లో వ్యాగన్లు చిన్నవి, నాలుగు చక్రాలవి. ఒక్కో బండి ఒక్కో దేశం నుంచి వచ్చినట్టుండేది. ఒకదాని మీద హిందీ, ఒకదాని మీద ఇంగ్లీషు, ఒకదాని మీద రెండూ. ఏ రైల్వే బండికి ఆ రైల్వే అక్షరాలు, ఆ రైల్వే వేసుకున్న నంబరు. మాకు ఏదీ రాదు కాబట్టి మా పేర్లు మేం పెట్టుకున్నాం. కప్పున్నది డబ్బా, లేనిది తొట్టి. రైల్వేలో బండ్లు పరీక్ష చేసే ఆయన సుత్తితో చక్రాన్ని కొట్టి, చప్పుడు విని, నచ్చకపోతే సుద్దతో ఏదో గీసేవాడు. ఆ గీత పడితే బండి జబ్బుపడినట్టు. దాన్ని కదపకూడదు, విడిగా తీసి పక్క లైనులో పెట్టేవాళ్ళు. మా జట్టులో ఒకడు ఎప్పుడూ అనేవాడు: "చూడరా, ఇనప బండికి జబ్బు చేస్తే సెలవు. మనకి చేస్తే కషాయం."

ఆఖరి బండి వెనక మాత్రం ఇంటూ గుర్తు ఉండేది. అదొక్కటి చదువు లేకపోయినా అర్థమయ్యేది. బండి ఇక్కడితో అయిపోయింది, దీని వెనక ఏమీ లేదు అని. మిగతా రాతలన్నీ మాకు అనుమానమే. మా నాన్న అయితే, రాత తెలిసినవాడు నవ్వుతూ పలకరిస్తే చాలు, మొలలో డబ్బు ముడి ఉందో లేదో తడుముకునేవాడు. ఆ చెయ్యి నాకూ వచ్చింది.

షెడ్డులో రెండు జట్లు పనిచేసేవి. ఒకదానికి నేను మేస్త్రీని. రెండోదానికి మా బావ, అంటే మా అక్క మొగుడు. వచ్చిన బండ్లని రెండు జట్లూ పంచుకోవాలి. సగం సగం అంటే తేలిగ్గానే ఉంటుంది కానీ, మా షెడ్డు పొట్టిది. ముందు బండ్లు ప్లాట్‌ఫారం పక్కన నీడలో ఆగుతాయి. వెనక బండ్లు షెడ్డు దాటి ఎండలో, ఉత్త నేల మీద ఆగుతాయి. అక్కడ బండి గడప మనిషి గుండెల దాకా ఉంటుంది. చెక్క వేసుకుని దాని మీద బస్తాతో దిగాలి. ఆ చివర ఎవరికి ఇష్టం? ఇదే గొడవ మా పెద్దవాళ్ళ కాలంలో తలలు పగిలేదాకా వెళ్ళిందట. అప్పుడొక పద్ధతి పెట్టారు. ప్రతి బండికీ నంబరు ఉంటుంది కదా. దాని చివరి అంకె సరి అయితే ఒక జట్టుకి, బేసి అయితే ఇంకో జట్టుకి. గూడ్సు గుమాస్తా బండి వెంట నడుస్తూ కేకేసేవాడు: "సరి! బేసి! బేసి! సరి!" మేమంతా ఆయన నోటి వంక చూసేవాళ్ళం. ఎక్కడెక్కడినుంచో వచ్చే బండ్లు, ఏ నంబరు ఏ వరసలో వస్తుందో ఎవరికీ తెలియదు. దేవుడు వేసిన చీటీ అనుకునేవాళ్ళం. సరి మాది. బేసి బావది.

తల నెరిసే వయసులో నేను చదువుకున్నాను. మా హమాలీల పేటలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. పలక పట్టుకోవడానికి అందరూ సిగ్గుపడ్డారు. నాకు సిగ్గుకంటే అనుమానం ఎక్కువ. గుమాస్తా సరి అని అరుస్తున్నది నిజంగా సరేనా అని ఎప్పటినుంచో లోపల ఒక పురుగు తొలుస్తుండేది. వెళ్ళి కూర్చున్నాను.

మొదటి రోజే గొడవ పెట్టుకున్నాను. ఆ అమ్మాయి పలక మీద సున్న చుట్టి, "ఇది సున్న బాబాయ్ గారూ" అంది.

"మా బండ్ల మీద కూడా ఉంటుందమ్మా. దాని పక్కన ఇంటూ ఉంటుంది."

"అది ఇంగ్లీషు అక్షరం అయ్యుంటుంది. మనం తెలుగు నేర్చుకుంటున్నాం."

"మా బండ్ల మీద తెలుగు లేదు మరి! తెలుగు నేర్చుకుని నేనేం చదవాలి?"

ఆ అమ్మాయి పలక నా ముందుకి జరిపింది. "లేకపోతే మీరే రాయండి" అంది నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఆ మాట పట్టుకున్నాను. బస్తాల మీద ముద్ర కొట్టే నల్లరంగు షెడ్డులో ఎప్పుడూ ఉంటుంది. ఖాళీ అయిన డబ్బాలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, పీచు కుంచె ముంచి, తలుపు లోపలి వైపు ఆరోజు నేర్చుకున్న మాట రాసేవాణ్ణి. బయట రాస్తే రైల్వేవాళ్ళు ఊరుకోరు. లోపలైతే వాన తగలదు, కళ్ళు తగలవు. అలా ఒకదాంట్లో పత్తి అని రాశాను. ఇంకోదాంట్లో బస్తా. ఒకదాంట్లో మిరప అని రాయబోయి, గుడి ఏ అక్షరానికి పెట్టాలో తడబడి, మరిప అని రాశాను. మర్నాడు పలక మీద కూడా అలాగే రాస్తే ఆ అమ్మాయి తప్పు చూపించింది. అప్పటికి బండి వెళ్ళిపోయింది. పోతే పోయింది, వెళ్ళిన బండి మళ్ళీ మన మొహం చూస్తుందా అనుకున్నాను. మా వాళ్ళలో సామెతే ఉంది: పోయిన వ్యాగనూ, పోసిన చెమటా తిరిగిరావు.

నేను పలక పట్టేనాటికే బండ్లు మారాయి. చిన్న డబ్బాలు పోయి ఎనిమిది చక్రాల పెద్ద డబ్బాలు వచ్చాయి. అవి రెండూ మూడూ విడివిడిగా కాదు, మొత్తం బండికి బండి ఒకే సరుకుతో వచ్చేది. దాన్ని రేక్ అంటారు. నంబర్లూ మారాయి. పొట్టి నంబర్లు పోయి, దేశంలో అన్ని రైల్వేలకీ ఒకే తీరున పదకొండు అంకెల నంబరు వచ్చింది. గుమాస్తా మాత్రం పాత పద్ధతిలోనే చివరి అంకె చూసి కేకేసేవాడు. ఇప్పుడు నేను కూడా ఆయన వెనకే నడిచి చూసేవాణ్ణి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. సరి అంటే సరే. బేసి అంటే బేసే.

అయినా ఎక్కడో తేడా కొడుతోంది. యూరియా రేక్ వచ్చినప్పుడల్లా బావ జట్టుకే నాలుగైదు బండ్లు ఎక్కువ పడుతున్నాయి. ఒకసారి పడితే చీటీ. రెండుసార్లు పడితే అదృష్టం. ప్రతిసారీ పడితే దానికి వేరే పేరుంది. మా జట్టువాళ్ళు ముందే ఖాళీ అయ్యి, గోడకి చేరగిలబడి బీడీలు కాలుస్తూ, వాళ్ళు ఇంకా మోస్తుంటే చూస్తూ కూర్చునేవాళ్ళు. బస్తా మోయనివాడికి కూలి లేదు. మా వాళ్ళలో ఇద్దరు అప్పటికే చీమకుర్తి గ్రానైటు క్వారీల వైపు చూస్తున్నారు. జట్టులో మనుషులు తగ్గితే ఇక ఆ జట్టు ఉండదు, షెడ్డంతా బావదే.

ఒకరోజు గుమాస్తాని ఆపి అడిగాను. "ఏమండీ, ఇంత పొడుగు నంబరెందుకండీ?"

ఆయన పనిలో ఉన్నాడు. నడుస్తూనే చెప్పాడు. "ముందు రెండూ ఏ రకం బండో చెబుతాయి. తర్వాతి రెండూ ఏ రైల్వేదో. ఆ తర్వాతి రెండూ తయారైన సంవత్సరం. తర్వాతి నాలుగూ బండి సొంత నంబరు."

"అవి పదే కదండీ. చివరిది?"

"చివరిది బండిది కాదయ్యా. అది లెక్క కట్టి పెడతారు."

నా చెవుల్లో ఆ మాట సీసంలా పడింది. మా వైపు లెక్క కట్టి పెట్టడం అంటే ఏమిటో మీకు తెలుసు. వాడు లెక్క ప్రకారమే చేశాడు అంటే, అన్నీ ముందే చూసుకుని తనకి కావలసినట్టు చేశాడని. ఆ మాట యథాతథంగా మోసుకెళ్ళి టీ బంకు దగ్గర మా జట్టు ముందు దించాను.

"చివరి అంకె బండిది కాదంట! లెక్క కట్టి పెడతారంట!"

"ఎవడ్రా పెట్టేది?"

"రంగు వేసేవాడే పెడతాడు. ఇంకెవడు?"

అక్కడితో అందరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. ఎందుకంటే బావ తమ్ముడు వ్యాగన్లకి రంగులు వేసే చోట పనిచేస్తాడని పేటంతా తెలుసు. పండక్కి వచ్చినప్పుడు వాడి గోళ్ళలో తెల్లరంగు ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు.

"ఇంకేం! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నాడొకడు.

"ఒరేయ్, వాడు ఒక్కడు దేశంలో ఉన్న బండ్లన్నిటికీ రంగు వేస్తాడంట్రా?" అన్నాడు ఇంకొకడు.

"అన్నిటికీ ఎందుకు? మన ఊరొచ్చే వాటికి వేస్తే చాలదూ?"

నేను టీ గ్లాసు కింద పెట్టి తలూపాను. బావ సంగతి నాకు తెలుసు. పేకాటలో ముక్క దాచడు కానీ, ఎదుటివాడి ముక్క కనబడితే కళ్ళు మూసుకోడు. ఆయన మనసులో ఏముందో మా అక్కకే తెలియదనేది నా నమ్మకం.

ఆ వారం అక్క పండుమిరపకాయ పచ్చడి పంపింది. ప్రతి ఏడూ పంపుతుంది. నేను జాడీ మూత తీసి చూసి పక్కన పెట్టాను.

మా ఆవిడ అడిగింది. "ఏం, ఉప్పు చాలలేదా?"

"ఈసారి ఇంత ఎక్కువ ఎందుకు పంపింది?"

"పచ్చడి మీద కూడా అనుమానమేనా? రేపు నేను వండిన అన్నం కూడా గుమాస్తాకి చూపించి తినండి."

జట్టులో అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. బావ ప్రమాణం చెయ్యాలి. మా షెడ్డు చివర పాత పట్టా ముక్క ఒకటి నేలలో నిలువుగా పాతి ఉంటుంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అమ్మవారని మొక్కుతాం. ఆ ముందు కర్పూరం వెలిగించి, నేను ఈ పని చెయ్యలేదు అని చెప్పి చేత్తో ఆర్పాలి. అబద్ధం చెప్పి ఆర్పినవాడి ఇంట్లో దీపం నిలవదంటారు. శుక్రవారం పెట్టుకున్నారు. కబురు నేనే పంపాను.

బదులుగా అక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నా మొగుడి చేత కర్పూరం ఆర్పిస్తావా?"

"చెయ్యకపోతే ఆర్పడానికేం అక్కా? చల్లగా ఉంటుంది."

"చేశాడో లేదో కాదురా. నలుగురి ముందు కర్పూరం దగ్గరికి నడిపించాక, ఆర్పినా ఆర్పకపోయినా ఆయన దొంగే. ఆర్పితే గుండె రాయి చేసుకుని ఆర్పాడంటారు. శుక్రవారం ఆ కర్పూరం ఆరితే నీ గడప నేను తొక్కను. నా గడప నువ్వు తొక్కకు." మా ఆవిడ వంక తిరిగింది. "పచ్చడి బాగుందా?"

"మూత కూడా తీయనివ్వలేదు" అంది మా ఆవిడ. నేను మూత తీసి చూశానని చెప్పడానికి అది సమయం కాదు.

అక్క వెళ్ళాక నాకు నిద్ర లేదనను, పడుకున్నాను. కానీ ఒకటి అనిపించింది. లెక్క కట్టి పెడతారు అన్నాడు కదా గుమాస్తా. ఆ లెక్కేదో నేనే కట్టి చూస్తే? బావ తమ్ముడు పెట్టిన అంకె ఎక్కడుందో దొరికిపోతుంది. మర్నాడు షెడ్డులో ఒక ఖాళీ డబ్బా ముందు గుమాస్తాని పట్టుకున్నాను.

"ఆ లెక్క నాకు చెప్పండి."

"నీకెందుకయ్యా?"

"చూడాలి."

ఆయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, సుద్దముక్క తీశాడు. బండి నంబరులో చివరిది వదిలేసి మిగతా పదీ కింద రాశాడు. 3107984526.

"రెండోది, నాలుగోది, ఆరోది, ఎనిమిదోది, పదోది. ఇవి కలుపు."

ఒకటీ, ఏడూ, ఎనిమిదీ, అయిదూ, ఆరూ. వేళ్ళ మీద ఇరవై ఏడు తేల్చాను.

"మూడుతో ఇంటూ చెయ్యి."

"ఇంటూ అంటే ఆఖరి బండి వెనక గుర్తు కదండీ?"

"అదే గుర్తు. ఇక్కడ పనికొస్తుంది. ఇరవై ఏడు మూడుసార్లు."

ఎనభై ఒకటి. వదిలేసినవి కలపమన్నాడు. మూడూ, సున్నా, తొమ్మిదీ, నాలుగూ, రెండూ. పద్దెనిమిది. రెండూ కలిపితే తొంభై తొమ్మిది.

"పై పదికి వెళ్ళాలంటే ఇంకా ఎంత కావాలి?"

"వందకి ఒకటి."

"బండి మీద చివర ఎంతుంది?"

ఒకటే ఉంది.

"రాసేవాడి మీద నమ్మకం లేక పెట్టిన అంకయ్యా ఇది. ఒకడు రంగు వేస్తాడు, ఒకడు చదువుతాడు, ఒకడు ఫోనులో చెబుతాడు, ఒకడు ఎక్కించుకుంటాడు. ఎవడు ఒక్క అంకె తప్పినా, చివరిది సరిపోక తెలిసిపోతుంది."

అంటే రైల్వేకి కూడా ఎవడి మీదా నమ్మకం లేదు! నాలాగే. ఇంత పెద్ద రైల్వే తన ప్రతి బండి మీదా ఒక అనుమానం రాసుకుని తిరుగుతోంది. ఆ అంకె మీద నాకు వల్లమాలిన గౌరవం పుట్టింది. ఆ పూట షెడ్డులో ఉన్న బండ్లన్నిటికీ సుద్దతో లెక్క కట్టాను. బావవీ కట్టాను, మావీ కట్టాను. అన్నీ సరిపోయాయి. బావ తమ్ముడు ఏ అంకె మార్చినా ఇక్కడ దొరికిపోయేవాడు. మార్చలేదు.

ఈ మాట జట్టుకి చెబితే ఒక్కడికీ ఎక్కలేదు. "నువ్వు కూడా వాళ్ళ వైపేనా ఏంటి?" అన్నాడొకడు. అక్క కోసం మాట మార్చానన్నాడు ఇంకొకడు. వాళ్ళని అని లాభం లేదు. నేను వాళ్ళ చోట ఉంటే అదే అనేవాణ్ణి. పైగా నాలోనూ పురుగు చావలేదు. అంకెల్లో మోసం లేదు, సరే. మరి బేసి ఎప్పుడూ ఎందుకు ఎక్కువొస్తోంది?

శుక్రవారం పొద్దున్నే యూరియా రేక్ వచ్చింది. గుమాస్తా కేకేశాడు. మళ్ళీ బేసే ఎక్కువ. మా వాళ్ళు నా వంక చూశారు. సాయంత్రం కర్పూరం సంగతి చూద్దాం అన్నట్టు చూశారు.

మాకు పడ్డ ఒక డబ్బాలో సగం దించాక, బస్తాల వరస తగ్గి తలుపు లోపలి వైపు బయటపడింది. అక్కడ నల్లరంగుతో ఒక మాట ఉంది.

మరిప.

బస్తా భుజం మీదుండగానే నిలబడిపోయాను. వెనకవాడు తిట్టాడు. "ఏం మేస్త్రీ, అక్కడేమైనా సినిమా వేస్తున్నారా?"

పత్తి అని ఎవడైనా రాస్తాడు. మిరప అని గుంటూరు జిల్లాలో ఎవడైనా రాస్తాడు. మరిప అని రాసేవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. బస్తా దించి పక్క డబ్బాలకి పోయాను. దించిన కొద్దీ ఒకదాంట్లో బస్తా కనబడింది, ఒకదాంట్లో పత్తి. నా చేతిరాత వంకర నాకు తెలియదా? పాతరోజుల్లో బండ్లు ఎక్కడికక్కడ విడిపోయేవి, ఎక్కడివో వచ్చి కలిసేవి. ఇప్పుడు విడదీయడం లేదు. వెళ్ళిన రేక్ వెళ్ళినట్టే, అవే బండ్లతో తిరిగి తిరిగి మా షెడ్డుకే వస్తోంది. దాంట్లో బేసి బండ్లు ఎక్కువ. కాబట్టి ఎప్పుడొచ్చినా బేసే ఎక్కువ. దేవుడు చీటీ ఒక్కసారే వేశాడు. మేము దాన్నే మళ్ళీ మళ్ళీ విప్పి చూసుకుంటున్నాం.

నేను కూడా ఇన్నాళ్ళూ చివరి అంకె తప్ప ఏదీ చూడలేదు, తలుపుల లోపలి వైపు కూడా. ముందున్న పదీ చదివి ఉంటే ఎప్పుడో తెలిసేది.

సాయంత్రం షెడ్డు చివర రెండు జట్లూ చేరాయి. మా ఆవిడ వచ్చింది. అక్క వచ్చింది, నా వంక చూడలేదు. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. బావ తువ్వాలు నడుముకి బిగించి ముందుకొచ్చాడు.

"ఏమని ఆర్పాల్రా? చెప్పండి, ఆర్పేసి పోతా. పొయ్యి మీద కూర ఉంది."

"నంబర్లకి రంగు మార్పించలేదని ఆర్పు" అన్నాడు మావాడొకడు.

బావ వంగాడు. చాలా తేలిగ్గా వంగాడు. అంత తేలిగ్గా వంగేసరికి నాకు మళ్ళీ అనుమానం వచ్చింది.

"ఆగు బావా. రంగు సంగతి నాకక్కర్లేదు. నీ తమ్ముడు ఏ పాపం ఎరగడు."

మా జట్టంతా గోల పెట్టింది. చెయ్యెత్తి ఆపాను.

"ఇప్పుడొచ్చిన రేక్ ఇంతకుముందు మనకొచ్చిందే. ప్రతిసారీ అదే వస్తోంది. ఆ సంగతి నీకు తెలియదని ఆర్పు."

బావ చెయ్యి కర్పూరం మీద ఆగింది. వేడికి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టలేదు.

"నీకెట్టా తెలిసిందిరా?"

"నేను రాసిన మాట ఉంది లోపల. నీకెట్టా తెలిసింది?"

బావ కాలు ముందుకు చాపి బొటనవేలు చూపించాడు. దానికి గోరు లేదు. "ఒక డబ్బాకి తలుపు వంగి ఉంటుంది. అది జారి నా గోరు ఊడగొట్టింది. తర్వాతసారి అదే తలుపు నన్ను చూసి నవ్వింది. గోరు తీసినదాన్ని మర్చిపోతాన్రా?"

"మరి చెప్పలేదే?"

"నువ్వు చదువుకున్నవాడివి కదరా. పలక పట్టుకుని బండి వెంట తిరుగుతున్నావు కదా. నువ్వే చెబుతావని చూశా." ఆగి, ఇంకొంచెం తగ్గించి అన్నాడు. "నాకు ఎక్కువొస్తుంటే నీకు తక్కువొస్తోందని నేనెందుకు అరుస్తాను? నువ్వైతే అరిచేవాడివా?"



మా వాళ్ళు మీదికి పోయారు. వాళ్ళ జట్టు ఎదురొచ్చింది. తువ్వాళ్ళు ఊడాయి. మధ్యలోకి అక్క వచ్చింది. నేరుగా పళ్ళెం చేతిలోకి తీసుకుంది. కర్పూరం అప్పటికి చిన్నదైపోయింది. అమ్మవారి ముందు మూడుసార్లు తిప్పి, తీసుకొచ్చి మా జట్టులో గట్టిగా అరుస్తున్నవాడి మొహం ముందు పెట్టింది.

"హారతి. కళ్ళకద్దుకో."

వాడు నోరు మూసి అద్దుకున్నాడు. హారతి పట్టాక ఎవడు కాదంటాడు? వరసగా అందరి ముందూ పట్టింది. ప్రమాణానికి వెలిగించిన కర్పూరం ఎవరూ ఆర్పకుండానే హారతై తిరిగింది. నా ముందుకొచ్చి నిలబడింది. అద్దుకున్నాను. బావ పక్కనే నిలబడి అద్దుకున్నాడు. అది దానంతటదే ఆరిపోయాక పళ్ళెం నా చేతిలో పెట్టింది.

"పచ్చడి తిను. బూజు పడుతుంది" అంది.

ఆ మర్నాడు గుమాస్తా ముందు కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ఒకసారి సరి మాకు, బేసి వాళ్ళకి. తర్వాతసారి తిరగేసి. అయితే ఈసారి ఎవరిది ఏదో గుర్తుండేదెట్టా? నోటి మాట మా రెండు జట్లలో ఎవరూ నమ్మరు. అందుకని షెడ్డు గోడ మీద రాస్తానన్నాను. నల్లరంగుతో, రెండు జట్ల గుర్తులూ వేసి, ఒకదాని కింద సరి, ఒకదాని కింద బేసి. రేక్ వచ్చి వెళ్ళిన ప్రతిసారీ సున్నం కొట్టి చెరిపి, మార్చి రాయాలి.

బావ ఆ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇందులో ఏది సరి, ఏది బేసి?"

చూపించాను.

"నువ్వు చూపిస్తే నేను నమ్మాలా?"

"గుమాస్తాని అడుగు."

"ఆయనకి చివరి అంకె తప్ప ఏం తెలుసు?" అని, వెళ్ళిపోయాడు.

మర్నాటి సాయంత్రం పలక చదువుల దగ్గర వెనక వరసలో బావ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పలక ఒళ్ళో దాచుకున్నాడు. అక్షరాల మీద ప్రేమతో రాలేదు. నేను గోడ మీద తిరగేసి రాస్తున్నానేమోనని వచ్చాడు. నాకు తెలుసు, నేనూ అలాగే వచ్చాను. అంత ముదురు వయసులో మనిషి చేత అక్షరాలు దిద్దించగలిగింది మా ఇద్దరి విషయంలో అనుమానం ఒక్కటే.

ఇప్పుడు బండ్లకి నంబరుతోపాటు ఒక చిన్న పెట్టె కూడా బిగిస్తున్నారు. లైను పక్కన ఉన్న మిషను దాన్నే చదువుతుందట. ఒంగోలు ఎద్దుల చెవులకి పసుపుపచ్చ బిళ్ళ కుట్టినట్టు. మనిషి కంటికి దాని మీద చదవడానికి ఏమీ లేదు. చదవడానికి ఏమీ లేనిదాన్ని నేను నమ్మను. రంగు నంబరు ఉన్నన్నాళ్ళూ గేటు దగ్గర నిలబడతాను.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. కొంతకాలానికి ఆ రేక్ మళ్ళీ వచ్చింది. ఈసారి వంతు తిరగేసింది కాబట్టి నా మాట ఉన్న డబ్బా బావ జట్టుకి పడింది. ఆ తర్వాతసారి అది మళ్ళీ మాకొచ్చినప్పుడు తలుపు దగ్గర చూశాను. నా మరిప మీద ఎవరో కుంచె పెట్టి దిద్దారు. మకి గుడి పెట్టారు, లావుగా, గర్వంగా. రకి ఉన్న గుడి తీయడం మాత్రం మర్చిపోయారు.

మిరిప. అలాగే దేశమంతా తిరుగుతోంది. బావకి నేను చెప్పలేదు. చెబితే నేను అబద్ధం ఆడుతున్నానంటాడు.